ఫైలు విప్పకుండా కౌంటర్ వేయకండి: సమాచార హక్కు (స.హ.) చట్టం కేసులు చూసే ప్రభుత్వ న్యాయవాదులకు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా టేబుల్ దగ్గరికొచ్చి, "మేడం, సమాచార హక్కు రిట్‌కి కౌంటర్ వేయాలి. పాత మోడల్ ఏదైనా ఉంటే ఇస్తారా, పేర్లు మార్చుకుంటాను" అని అడిగింది. రిట్ అంటే హైకోర్టులో వేసే పిటిషన్, కౌంటర్ అంటే దానికి ప్రభుత్వం తరఫున ప్రమాణం మీద వేసే జవాబు. మోడల్ ఇవ్వలేదు. టిఫిన్ బాక్సు పక్కన పెట్టి, కూర్చోబెట్టి మాట్లాడాను. మధ్యాహ్నం కోర్టు మళ్లీ కూర్చునే వేళకు సగమే అయింది. ఆ సగాన్నీ, మిగిలిన సగాన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టులో నేను ప్రభుత్వం తరఫున నిలబడటం మొదలుపెట్టి పదకొండేళ్లు. ఎక్కువగా రెవెన్యూ, పంచాయతీరాజ్ కేసులు చూశాను. వాటి పక్కన సమాచార హక్కు కేసులు చిన్నవిగా కనిపిస్తాయి. ఆ రోజు విచారించే కేసుల జాబితాలో, అంటే కాజ్ లిస్టులో, ఎక్కడో చివర ఉంటాయి. శాఖ నుంచి ఫోన్ కూడా రాదు. కానీ ఒక రైతో, రిటైరైన టీచరో "మీ దగ్గరున్న కాగితం నాకు చూపించండి" అని అడిగినప్పుడు మనం ఇచ్చే జవాబే ఆ మనిషికి ప్రభుత్వం. ఆ పనిని నేను తేలిగ్గా తీసుకోలేను. తీసుకున్న ఒక్కసారి ఏమైందో ముందు చెప్తాను.

ఒక పెద్దాయన తన ఊరి సర్వే నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ అనే పాత భూమి రికార్డుల నకళ్లు అడిగాడు. మండల స్థాయి కార్యాలయం కాబట్టి ఐదు రూపాయల ఫీజు కట్టాడు. పౌర సమాచార అధికారి ఇచ్చిన జవాబు ఒకే ఒక్క లైను: "తాము కోరిన రికార్డు ఈ కార్యాలయమందు లభ్యం కాలేదు." మొదటి అప్పీలుకు జవాబే లేదు. రెండో అప్పీలులో సమాచార కమిషన్ వెతికి ఇవ్వమని ఆదేశించింది. అదీ అమలు కాలేదు. పెద్దాయన హైకోర్టుకు వచ్చాడు. శాఖ నుంచి నాకొచ్చిన పేరావైజ్ రిమార్కుల్లోనూ, అంటే పిటిషన్‌లోని ఒక్కో పేరాకు శాఖ రాసిచ్చే జవాబుల్లోనూ, అదే లైను. నేను దాన్నే నాలుగు పేజీల కౌంటర్‌గా సాగదీసి, అధికారి చేత ప్రమాణం చేయించి, దాఖలు చేశాను.

కేసు పిలిచిన రోజున అవతలి న్యాయవాది లేచి, అదే సర్వే నంబరు పహాణీ సర్టిఫైడ్ కాపీ ఒకటి పైకి అందించాడు. 2015లో అదే కార్యాలయం, అదే గుండ్రటి సీలుతో, పక్క పొలం రైతుకు ఇచ్చిన కాపీ. న్యాయమూర్తి ఆ కాగితాన్నీ నా కౌంటర్‌నీ పక్కపక్కన పెట్టుకుని, "మేడం, రెండిట్లో ఏది నిజం?" అని అడిగారు. గొంతు పెంచలేదు. నా దగ్గర జవాబు లేదు. వారం టైం అడిగి కూర్చున్నాను. నా పేరు మీద కోర్టు ముందుకు వెళ్లిన ప్రతి వాక్యానికీ నేనే బాధ్యురాలినని నాకు ఆ రోజు తెలిసినంత గట్టిగా లా కాలేజీలో తెలియలేదు.

ఆ శనివారం నేనే ఆ మండలానికి వెళ్లాను. రికార్డు రూంలో ఇనుప రాకుల మీద ఊరికో మూట, ఎర్ర గుడ్డలో కట్టి ఉన్నాయి. ప్రతి మూటకూ ఊరి పేరు రాసిన అట్టముక్క వేలాడుతోంది. ఈ ఊరి అట్ట కనపడలేదు. రికార్డ్ అసిస్టెంటు కాసేపు చూసి, "ఈ ఊరు మన దగ్గర్నుంచి పోయింది గదా మేడం. కొత్త మండలం అయినప్పుడు మూటలు గూడ ఆడికే పోయినయ్. నేనే ఆటోల ఏసి పంపిన" అన్నాడు. 2016 అక్టోబరు 11న, దసరా రోజున, పది జిల్లాలు ముప్పైఒకటి అయినప్పుడు కొత్త మండలాలూ వచ్చాయి. ఆ ఊరు అలా వేరే మండలంలో కలిసింది. అప్పగింత జాబితా బీరువాలోనే ఉంది, రెండు సంతకాలతో. కొత్త కార్యాలయానికి వెళ్తే మూట దొరికింది, ముడి కూడా విప్పకుండా.

అంటే రికార్డు పోలేదు. ఎవరూ దాచలేదు. దరఖాస్తు వచ్చిన ఐదు రోజుల్లో సెక్షన్ 6(3) కింద కొత్త మండలానికి బదిలీ చేసి, ఆ సంగతి పెద్దాయనకు ఒక ఉత్తరం రాస్తే అయిపోయే పని. దానికి మూడేళ్లు, రెండు అప్పీళ్లు, ఒక కమిషన్ ఆదేశం, ఒక రిట్ పట్టాయి. నాతో సహా ఎవరూ ఆ అసిస్టెంటును అడగలేదు.

అప్పట్నుంచి "లభ్యం కాలేదు" అన్న మాట రిమార్కుల్లో కనిపిస్తే నేను కౌంటర్ మొదలుపెట్టను. ముందు ఉత్తరం రాస్తాను. ఈ రికార్డు అసలు ఈ కార్యాలయంలో తయారైందా, లేక ఇక్కడికి రావాల్సి ఉండిందా? ఉంటే చివరిసారి ఏ రిజిస్టరులో, ఏ తేదీన కనిపించింది? ఎవరు, ఏ రోజు, ఏ ఏ చోట్ల వెతికారు? గడువు దాటి ధ్వంసం చేసి ఉంటే ఆ ఉత్తర్వు, ఆ జాబితా ఏవి? వీటికి జవాబు తెచ్చుకోండి, రాతపూర్వకంగా, సంతకంతో. ఉండి తీరాల్సిన రికార్డును ఊరికే కనపడటం లేదని చెప్పి చేతులు దులుపుకోలేరనీ, విచారణ జరిపి బాధ్యత తేల్చాలనీ ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. ఆ తీర్పును అవతలివాళ్లు తప్పకుండా చదువుతారు. వాళ్లకంటే ముందు మీరు మీ అధికారికి చదివి వినిపించండి.

రోజుల లెక్క

కేసు బండిల్ రాగానే నేను మొదట చేసే పని ఒక తెల్ల కాగితం మీద తేదీలు రాసుకోవడం. దరఖాస్తు మీద తపాల్ సీలు తేదీ, జవాబు డిస్పాచ్ తేదీ, మొదటి అప్పీలు, దాని ఉత్తర్వు, రెండో అప్పీలు. ఉత్తరం మీద టైపు చేసిన తేదీని నమ్మకండి. ఉత్తరంలో 12 అని ఉంటుంది, డిస్పాచ్ రిజిస్టరులో 26 ఉంటుంది. కోర్టు చూసేది రెండోదే.

జవాబుకు 30 రోజులు. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. సహాయ పౌర సమాచార అధికారి దగ్గర ఇచ్చిన దరఖాస్తుకు ఇంకో ఐదు రోజులు కలపాలి. మూడో వ్యక్తి ప్రమేయం ఉండి సెక్షన్ 11 నోటీసు ఇస్తే 40. ఇక్కడ అందరూ తడబడేది నకళ్ల ఫీజు దగ్గర. ఫీజు కట్టమని ఉత్తరం పంపిన రోజు నుంచి దరఖాస్తుదారు కట్టిన రోజు దాకా గడువు లెక్కలోకి రాదు. మార్చి 3న దరఖాస్తు అందింది, మార్చి 20న ఫీజు ఉత్తరం వెళ్లింది అనుకోండి. 17 రోజులు ఖర్చయ్యాయి. ఆయన ఏప్రిల్ 2న డబ్బు కట్టాడు. మిగిలిన 13 రోజులు అక్కణ్నుంచి మొదలై ఏప్రిల్ 15కు అయిపోతాయి. చాలా కార్యాలయాల్లో డబ్బు కట్టాక మళ్లీ కొత్తగా 30 రోజులు ఉన్నాయనుకుంటారు. లేవు. ఇంకొందరు ఇరవైతొమ్మిదో రోజున ఫీజు ఉత్తరం పంపి, డబ్బు వచ్చాక రెండు వారాలు పేజీలు తీస్తూ కూర్చుంటారు. గడువు దాటితే సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లు ఉచితంగానే ఇవ్వాలి. పేజీకి రెండు రూపాయల చొప్పున అప్పుడు అడగడం చట్టవిరుద్ధం.

గడువు నిజంగానే దాటిపోయి ఉంటే దాన్ని కౌంటర్‌లో కప్పిపుచ్చే ప్రయత్నం చేయకండి. ఎన్ని రోజులు ఆలస్యమైందో మొదటి పేరాలోనే మీరే చెప్పండి. ఎందుకైందో చెప్పండి. ఎన్నికల డ్యూటీ అయితే ఆ డ్యూటీ ఉత్తర్వు జతచేయండి. న్యాయమూర్తులు ఆలస్యాన్ని క్షమించడం నేను చాలాసార్లు చూశాను. దాచిన ఆలస్యాన్ని క్షమించడం చూడలేదు.

జవాబులో లేని కారణం కౌంటర్‌లోకి రాదు

పౌర సమాచార అధికారుల శిక్షణకు పిలిచినప్పుడల్లా నేను చెప్పే మాట ఒకటే. మీరు తిరస్కరించే ఉత్తరం రాస్తున్నప్పుడే మీ కేసు గెలుస్తుంది, లేదా ఓడిపోతుంది. తర్వాత హైకోర్టులో నేను నిలబడి ఎన్ని మంచి కారణాలు చెప్పినా ప్రయోజనం తక్కువ. ఒక ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత అఫిడవిట్లో కొత్త కారణాలు చేర్చి నిలబెట్టకూడదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో రిపోర్టయిన తీర్పు. ప్రభుత్వ న్యాయవాదిగా నాకు ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు. పైగా స.హ. చట్టం సెక్షన్ 19(5) ప్రకారం, నిరాకరణ న్యాయమైనదేనని రుజువు చేసుకోవాల్సిన భారం మన అధికారిదే. అడిగినవాడిది కాదు.

సెక్షన్ 7(8) కింద తిరస్కరణ ఉత్తరంలో మూడు ఉండాలి: కారణం, అప్పీలు గడువు, అప్పిలేటు అధికారి వివరాలు. "సెక్షన్ 8 ప్రకారం ఇవ్వడానికి వీలు లేదు" అన్నది కారణం కాదు. సమాచారం ఆపడానికి వీలిచ్చే మినహాయింపులుగా సెక్షన్ 8(1)లో పది క్లాజులున్నాయి. ఏ క్లాజు? అడిగిన నాలుగు అంశాల్లో దేనికి? ఆ కాగితం బయటపడితే ఏం జరుగుతుంది? ఇది రెండు వాక్యాల్లో రాయగలిగితే నిరాకరణ నిలబడుతుంది. రాయలేకపోతే, అది ఇవ్వాల్సిన కాగితమేమో మళ్లీ ఆలోచించమనండి.

"దర్యాప్తు సాగుతోంది" అని 8(1)(హెచ్) వాడటం మనవాళ్లకు బాగా అలవాటు. ఆ క్లాజు చెప్పేది దర్యాప్తుకు ఆటంకం కలిగించే సమాచారం గురించి. దర్యాప్తు ఉందన్నంత మాత్రాన సరిపోదని ఢిల్లీ హైకోర్టు 2007లో చెప్పాక దేశమంతా అదే దారి. సాక్షి పేరు బయటపడుతుందా, ఇంకా సోదా చేయని చోటు తెలిసిపోతుందా, అలాంటిది ఏదో ఒకటి చూపించాలి. శాఖాపరమైన విచారణ ముగిసి, నివేదిక వచ్చి, ఆరు నెలలుగా ఫైలు టేబుల్ మీద ఉంటే ఆటంకం ఏమిటి? నేను ఈ ప్రశ్న శాఖను ముందే అడుగుతాను. కోర్టులో అడిగించుకోవడం కంటే అది నయం.

వ్యక్తిగత సమాచారం సంగతి ఇప్పుడు మారింది. 8(1)(జె) ఇదివరకు పెద్ద క్లాజు. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదో, గోప్యతలోకి అనవసరంగా చొరబడేదో అయితేనే ఆపొచ్చు. అదీ విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాల్సిందే. ఉద్యోగి సర్వీసు రికార్డు, ఆస్తుల వివరాలు మామూలుగా వ్యక్తిగతమేనని 2012లో సుప్రీంకోర్టు అన్నది కూడా ఆ క్లాజు కిందే. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023లోని సెక్షన్ 44(3) దాన్ని "వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం" అన్న పొట్టి మాటకు కుదించింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. శాసనసభకు ఇవ్వకుండా ఉండలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న నిబంధన కూడా పోయింది. అది పోవడం నాకు బాధ కలిగించింది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని నేనే శాఖలకు ఎన్నోసార్లు "ఇచ్చేయండి" అని రాశాను.

అయినా సెక్షన్ 8(2) అలాగే ఉంది. రక్షించాల్సిన ప్రయోజనాలకు కలిగే హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వవచ్చు. కాబట్టి కాగితం మీద ఒక మనిషి పేరు కనపడగానే "జె" అని కొట్టేసే అధికారికి చెప్పండి: తూకం వేశానని ఫైల్లో రాయి. ఒక పక్కన ఏముంది, ఇంకో పక్కన ఏముంది, ఎందుకు ఇటు మొగ్గాను. ఉపాధి హామీ మస్టర్ రోల్‌లో కూలీల పేర్లూ వ్యక్తిగత సమాచారమే. కానీ పని చేయని పేరు మీద డబ్బు తీశారా అని ఊరివాళ్లు తెలుసుకునే దారి కూడా ఆ మస్టరే. ఆ తూకం రాయకుండా వచ్చిన నిరాకరణను సమర్థించమంటే నా చెయ్యి ఆడదు.

కాంట్రాక్టర్ల విషయంలో సెక్షన్ 11ను సరిగ్గా చదవండి. మూడో వ్యక్తి గోప్యంగా ఇచ్చిన సమాచారమైతే, బయటపెట్టాలని అధికారి అనుకున్నప్పుడు, ఐదు రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక ఆయనకు పది రోజులు. ఆయన అభ్యంతరం చెప్పినంత మాత్రాన సమాచారం ఆగిపోదు, విని నిర్ణయించాల్సింది అధికారే. ఒక రోడ్డు పనిలో ఎం-బుక్ అడిగితే, "కాంట్రాక్టరు ఒప్పుకోలేదు" అని తిరస్కరించిన ఫైలు నా దగ్గరికొచ్చింది. ఎం-బుక్ మన ఇంజనీరు కొలతలు రాసిన పుస్తకం. కాంట్రాక్టరుది కానే కాదు. దానికి సెక్షన్ 11 నోటీసు ఎందుకిచ్చారు? ఆ నోటీసుకు దరఖాస్తు జెరాక్స్ కూడా జతచేశారు, అడిగినాయన ఇంటి నంబరు, ఫోన్ నంబరుతో సహా. ఆ రాత్రే ఆయన ఇంటికి మనుషులు వెళ్లారు. దేవుడి దయవల్ల మాటలతోనే పోయింది. దయచేసి నోటీసులో ఏ సమాచారం అడిగారో మాత్రమే రాయించండి. అడిగినవారి చిరునామా ఎప్పటికీ జతచేయించకండి.

"ఎందుకు చేశారు, ఎవరి ఒత్తిడితో చేశారు" అనే ప్రశ్నలకు మాత్రం మనకు గట్టి నేల ఉంది. ఉన్న రికార్డునే ఇవ్వాలి, లేనిదాన్ని తయారుచేసో, అభిప్రాయం చెప్పో ఇవ్వనక్కర్లేదని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జడ్జి ఫలానా తీర్పు ఎందుకిచ్చారని స.హ. చట్టం కింద అడగడం కుదరదని 2010లో చెప్పిన కేసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. కానీ ఒక మాట. "ఎందుకు" అని అడిగినవాడికి కావాల్సింది చాలాసార్లు నోట్ ఫైలే, అంటే నిర్ణయానికి ముందు అధికారులు తమ అభిప్రాయాలు రాసుకున్న ఫైలే. నోట్ ఫైలు కూడా రికార్డే. "మీ ప్రశ్న సమాచారం కిందికి రాదు, అయితే ఈ నిర్ణయానికి సంబంధించిన నోట్ ఫైలు 14 పేజీలు ఉంది, కావాలంటే 28 రూపాయలు కట్టండి" అని రాస్తే అక్కడితో అయిపోతుంది. అలా రాయించిన రెండు కేసుల్లో మొదటి అప్పీలు కూడా రాలేదు.

కొంత ఇచ్చి, కొంత కొట్టేయడం

సెక్షన్ 10ని మన కార్యాలయాలు ఎందుకో వాడవు. ఇస్తే మొత్తం, లేకపోతే మొత్తం లేదు. ఒక లబ్ధిదారుల జాబితాలో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఉన్నాయని మొత్తం జాబితా ఆపేస్తారు. ఆ రెండు గడులు కొట్టేసి మిగతాది ఇవ్వాలి. కొట్టేయడం కూడా చేతనవ్వాలి. నేను కళ్లారా చూసింది చెప్తాను. ఒక గుమాస్తా నల్ల స్కెచ్ పెన్నుతో గీసి ఇచ్చాడు. కాగితాన్ని ట్యూబులైటు వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పన్నెండు అంకెలూ చదవొచ్చు. గీసిన కాగితాన్ని మళ్లీ జెరాక్స్ తీసి, ఆ జెరాక్స్ ఇవ్వాలి. పీడీఎఫ్ అయితే ఇంకా జాగ్రత్త. అక్షరాల మీద నల్ల డబ్బా గీస్తే కంటికి మూసుకుపోయినట్టే ఉంటుంది, కానీ కింద అక్షరాలు అలాగే ఉంటాయి. ఎంపిక చేసి కాపీ కొట్టి వేరే చోట అతికిస్తే బయటపడతాయి. ప్రింటు తీసి, కొట్టేసి, స్కాన్ చేసి పంపండి. దానితో పాటు ఏ పేజీలో ఏం తీసేశారు, ఏ క్లాజు కింద, నిర్ణయం ఎవరిది అన్న ఉత్తరం ఉండాలి. 10(2) అడిగేది అదే.

సమాచారం మరీ ఎక్కువగా ఉంటే? పదేళ్ల బిల్లులు, ఏడు బీరువాలు. సెక్షన్ 7(9) చూపించి తిరస్కరిస్తారు. ఆ సెక్షన్ ఏ రూపంలో ఇవ్వాలన్నదాని గురించే, ఇవ్వకపోవడం గురించి కాదు. వచ్చి చూసుకోమనండి. మొదటి గంటకు ఫీజు లేదు, ఆపైన పావుగంటకు ఐదు రూపాయలు. టేబుల్, కుర్చీ, ఫ్యాను చూపించి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. చూసినాయన తనకు కావాల్సిన 40 పేజీలకు స్లిప్పులు పెట్టి వెళ్తాడు. ఏడు బీరువాల కేసు 40 పేజీలకు వస్తుంది.

కమిషన్ ముందు, కోర్టు ముందు

సమాచార కమిషన్ దగ్గర మీ అధికారికి ముందుగానే స్పష్టంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సెక్షన్ 20 కింద జరిమానా రోజుకు 250 రూపాయలు, గరిష్ఠం 25,000. అది ప్రభుత్వం కట్టేది కాదు, అధికారి జీతంలోంచి పోయేది. సర్వీసు రిజిస్టరులోకీ వెళ్లొచ్చు. మీరు శాఖ తరఫు న్యాయవాది. శాఖ వాదన "మా సెక్షన్ గుమాస్తా ఫైలు ఇవ్వలేదు" అయి, అధికారి వాదన "నేను మూడుసార్లు మెమో ఇచ్చాను" అయితే ఇద్దరి ప్రయోజనాలూ ఒకటి కావు. సెక్షన్ 5(4) కింద సాయం అడిగినట్టు రాతపూర్వకంగా ఉంటే, సాయం చేయనివారే 5(5) ప్రకారం ఆ తప్పుకు పౌర సమాచార అధికారి అవుతారు. ఆ మెమోలు తెచ్చుకోమని ఆయనకు చెప్పండి. అవసరమైతే సొంతంగా న్యాయవాదిని పెట్టుకొమ్మని కూడా చెప్పండి. ఇది చెప్పకుండా ఆయన్ను విచారణకు పంపడం అన్యాయం.

ఇక హైకోర్టు. పౌరుడు అప్పీలు చేయకుండా నేరుగా రిట్ వేస్తే ప్రత్యామ్నాయ పరిహారం ఉందని ఎత్తిచూపండి, సరిపోతుంది. కమిషనర్ల ఖాళీలు నిండక రెండో అప్పీళ్లు ఏళ్ల తరబడి ఆగిన కాలంలో మాత్రం ఆ వాదన వినిపించడానికి నాకు మనసొప్పలేదు. అప్పీలును ఇన్ని వారాల్లో తేల్చండి అన్న ఆదేశానికి అభ్యంతరం లేదని చెప్పేదాన్ని.

కమిషన్ ఆదేశాన్ని మన శాఖే సవాలు చేయాలనుకున్నప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. ఫైలు వస్తుంది, మీద "రిట్ దాఖలు చేయగలరు" అని ఉంటుంది. గట్టి కారణాలు నిజంగా ఉండొచ్చు. అధికారి మాట వినకుండానే జరిమానా వేశారు. సెక్షన్ 18 ఫిర్యాదు మీద సమాచారం ఇవ్వమని ఆదేశించారు, 2011 నాటి మణిపూర్ కేసు ప్రకారం అది సెక్షన్ 19 అప్పీలులోనే కుదురుతుంది. మూడో వ్యక్తికి నోటీసే లేదు. అలాంటప్పుడు ధైర్యంగా వేయండి, సమాచారం ఇచ్చేలోపే స్టే అడగండి, ఇచ్చాక రిట్‌లో మిగిలేదేమీ ఉండదు. కానీ కారణం ఏదీ లేక, పేపర్లో వస్తుందన్న భయమే ఉంటే, వేయొద్దని రాసివ్వండి. నేను రాసివ్వడం మొదలుపెట్టినప్పుడు శాఖలో కొందరికి కోపం వచ్చింది. ఒక సీనియర్ అధికారి ఫోన్ చేసి, "మీరు మా వకీలా, వాళ్ల వకీలా?" అన్నారు. "మీ వకీలునే సార్, అందుకే చెప్తున్నా" అన్నాను. ఆ ఫైలు ఇచ్చేశారు, పేపర్లో రెండు రోజులు వచ్చింది, పోయింది. కోర్టులో ఓడిపోయి ఇచ్చి ఉంటే ఆ తీర్పు ప్రతి కార్యాలయం మీదా పడేది.

కౌంటర్‌లో రాయకూడని వాక్యం ఒకటి: "పిటిషనర్ అలవాటుగా దరఖాస్తులు వేస్తూ అధికారులను వేధించే వ్యక్తి." సెక్షన్ 6(2) కింద కారణం అడగడానికే మనకు హక్కు లేదు. ఒకే సమాచారాన్ని ఆయన పదిసార్లు అడిగి ఉంటే, పది దరఖాస్తుల తేదీలు, పది జవాబుల తేదీలు ఒక పట్టికలో పెట్టండి. విశేషణం అక్కర్లేదు. కోర్టు రికార్డులు అడిగిన కేసైతే 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చూపండి. సర్టిఫైడ్ కాపీలకు కోర్టు నిబంధనల దారి వేరే ఉంది.

ఓడిపోయినా, ఒప్పుకున్నా, చివరికి కాగితాలు ఇవ్వాలి. ఇచ్చే రోజును కూడా నేను కేసులో భాగంగానే చూస్తాను. ప్రతి పేజీకీ నంబరు వేయించండి. ధ్రువీకరణ ముద్ర, సంతకం, తేదీ. పై ఉత్తరంలో అంశం వారీగా: ఒకటో అంశానికి 1 నుంచి 6 పేజీలు, రెండో అంశానికి 7 నుంచి 19, మూడో అంశం లేదు, ఎందుకు లేదో. స్పీడ్ పోస్టులో పంపితే రసీదు, చేతికిస్తే పేజీల సంఖ్యతో సహా అందినట్టు సంతకం. ఆ ఖాస్రా పహాణీ పెద్దాయన కాపీలు తీసుకోవడానికి తనే కొత్త మండల ఆఫీసుకు వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని, పేజీ పేజీ లెక్కపెట్టుకుని, తండ్రి పేరున్న వరుస మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, ఆ తర్వాతే సంతకం చేశాడు. తొమ్మిది పేజీలు అందినవి అని తన చేత్తోనే రాశాడు. ఆ రసీదు జెరాక్స్‌ను మెమోతో కలిపి కోర్టులో వేశాను. ఇంకో కాపీ నా బండిల్‌లో ఉంచుకున్నాను. ఏడాదిలోపు కోర్టు ధిక్కారం పిటిషన్ ఎప్పుడైనా రావచ్చు, వస్తే మొదట చూపాల్సింది ఆ రసీదే.